ఒకటో నెంబరు

ఇళ్ళ సంస్థకి అది ఆఖరి రోజు. రేపటి నుంచి శాఖ వేరు, బోర్డు వేరు, మనుషులు వేరు. సామాను మోసుకుపోతున్న అటెండరు పుణ్యమా అని పై గదిలో ఒక టేబులు, రెండు కుర్చీలు, ఒక బీరువా మాత్రం మిగిలాయి. ఒక కుర్చీలో గుమాస్తా, రెండో దాంట్లో బట్టలు కుట్టుకుని బతికే మేస్త్రీ గారమ్మాయి. ఆవిడ పన్నెండింటికి వచ్చింది. ఇప్పుడు మూడు దాటింది.

"అది కాదు సార్, సంతకం ఒక్కటే కదా. పెట్టేసి వెళ్ళిపోతాను. మీ చరిత్ర మీరు రాసుకోండి."

"చెప్పాను కదమ్మా. రిజిస్టరు బీరువాలో ఉంది. బీరువా తాళం ఆఫీసరు గారి దగ్గర ఉంది. ఆయన కొత్త శాఖ వాళ్ళకి కాగితాలు ఒప్పజెప్పడానికి వెళ్ళారు. వస్తారు."

"ఎప్పుడు వస్తారు?"

"వస్తారమ్మా."

"పన్నెండింటికీ ఇదే మాట, రెండింటికీ ఇదే మాట. కింద గోడకి నోటీసు అంటించింది మీరే కదా. 'మిగిలియున్న ఒక్క ఇల్లు జాబితాలో ఒకటో నెంబరు వారికి. ఈ సంవత్సరపు సంతకం ఈ సాయంత్రం అయిదు గంటలలోగా స్వయంగా చేయని పక్షంలో తర్వాతి నెంబరు వారికి.' పదిసార్లు చదివాను సార్. నోటికొచ్చేసింది."

"ఒకటో నెంబరు నీదే. ఎవరు కాదన్నారు?"

"ఎవరూ కాదనక్కర్లేదు. అయిదు దాటితే చాలు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని..."

"పూజారిని నేనా?"

"అయ్యో, మిమ్మల్ని ఎందుకంటాను? ఆ బీరువాని."

"కూర్చోమ్మా. నువ్వు నిలబడితే తాళం రాదు. ఇదిగో, నీ దస్తూరి బాగుంటుంది. నా చెయ్యేమో పొద్దున్నుంచీ వణుకుతోంది. నేను చెప్తాను, నువ్వు రాయి. సంస్థ చరిత్ర మూడు పేజీలు రాసిచ్చి వెళ్ళమన్నారు. కొత్త వాళ్ళు ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టుకుంటారట."

"నా ప్రాణం మీదికొస్తే చరిత్ర రాయమంటారేంటి సార్?"

"ఎంతసేపు? ఆయన వచ్చేలోపే."

"మా అమ్మ రోడ్డు మీద ఉంది సార్!"

"ఏంటీ?"

"పొద్దున్న ఏడింటికి వచ్చి మా వరసంతా రేకులు పీకేశారు. గోడలు రేపు కూలగొడతారట. అమ్మకి పక్షవాతం వచ్చి రెండేళ్ళని చెప్పాను కదా. మంచంతో సహా ఎత్తి ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన కొట్టు ముందు పెట్టాను. ఒక పక్క అమ్మ, ఒక పక్క కుట్టుమెషిను. ఆయన ఆరింటికి కొట్టు కట్టేస్తాడు. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్ళను?"

"ఆవిడ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరుంటారు? ఆయనే కాస్త చూస్తున్నాడు. మధ్యమధ్యలో గొంతులో నీళ్ళు పొయ్యమని చెప్పి వచ్చాను. పోనీ, ఆయన్నే పిలుచుకురానా సార్? మీ బీరువా తాళం నిమిషంలో తీసిపారేస్తాడు."

"వద్దు వద్దు. ఆఫీసు బీరువా తాళం పగలగొడితే కేసవుతుంది. రాయమ్మా. రాస్తూ ఉంటే టైము తెలీదు."

"నాకు టైము తెలియాలి సార్."

"'నలభై ఒక్క సంవత్సరముల క్రితం మిల్లు వెనక సందులలో అగ్నిప్రమాదం జరిగి మూడు వందల గుడిసెలు కాలిపోగా...' రాస్తున్నావా?"

"కాలిపోగా..."

"'...చుట్టుపక్కల ఏడు పట్నాల వారు కలిసి, పేదలకు అందుబాటులో ఇళ్ళు కట్టే నిమిత్తం ఈ సంస్థను స్థాపించడమైనది.'"

"మొదటి ఆఫీసు సైకిల్ షాపు మీద గది అని రాయరా? నాన్న చెప్పేవాడు. పంక్చర్ వేయించుకోడానికి వచ్చినవాళ్ళు కూడా పనిలో పనిగా పైకొచ్చి దరఖాస్తు పడేసి వెళ్ళేవాళ్ళట."

"అవన్నీ చరిత్రలో ఎందుకు? 'మొదటి విడతగా నలభై ఇళ్ళు నిర్మించడమైనది.' వాటికి మీ నాన్నే కదా మేస్త్రీ?"

"నలభైకీ, ఇప్పుడు మిగిలిన ఆ నమూనా ఇంటికీ. తలుపుల సంగతి తెలుసా మీకు?"

"తలుపులేంటి? నేను చేరింది సంస్థ పెట్టిన అయిదో ఏట."

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని, పునాదైనా తియ్యకముందే తలుపులు కొనేశారట. ఏదో మూతబడ్డ ఆస్పత్రివి, చవగ్గా వస్తున్నాయని. తీరా చూస్తే ఒక్కోటి ఎనిమిదడుగులు. కింద కోసేద్దామంటే స్టోరు ఆఫీసరు ససేమిరా అన్నాడట. స్టాకు పుస్తకంలో పెద్ద తలుపులని ఉంది, చిన్నవైతే రేపు జవాబు ఎవరు చెప్తారని. చివరికి మా నాన్న వాళ్ళు గోడలే అడుగున్నర లేపారు. 'ఇళ్ళకి తలుపులు పెట్టలేదే, తలుపులకి ఇళ్ళు కట్టాం' అని నవ్వేవాడు."

"అదా సంగతి! ఎవరో ఇంజనీరు తెలివి అనుకున్నాను ఇన్నాళ్ళూ. 'గాలి వెలుతురులను దృష్టిలో ఉంచుకుని' అని నాలుగు రిపోర్టుల్లో రాశాను కూడా."

"మీరు నవ్వుతున్నారు. టైమెంత సార్?"

"మూడున్నర."

"సార్, ఈ గోడ గడియారం దించేస్తున్నా. లిస్టులో ఉంది."

"ఇప్పుడే ఎందుకయ్యా?"

"కింద వ్యాను ఆగుంది సార్. అటెండరు ఎత్తుకుపోయాడంటారు తర్వాత. ఇంకోటి, మీ క్వార్టర్సు దగ్గర సామానంతా బయట పెట్టేశారు. ట్రాలీ వాడు కిందికొచ్చి ఎక్కడికి తోలాలని అడుగుతున్నాడు. అమ్మగారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు, అడిగితే ఏమీ చెప్పట్లేదు."

"చెప్తాను. నువ్వెళ్ళు."

"వాడు వేరే బేరం ఉందంటున్నాడు..."

"చెప్తానన్నానా! వెళ్ళు."

"పాపం అటెండరు మీద ఎందుకు సార్ అరుస్తారు? మీరూ ఖాళీ చేస్తున్నారా?"

"సంస్థే లేకపోతే సంస్థ క్వార్టర్సు ఎక్కడుంటుంది?"

"మీకేంలెండి. నాలుగు వేల మందికి తాళాలిచ్చిన చెయ్యి. ఎక్కడో ఒకచోట సొంతానికి కట్టుకునే ఉంటారు."

"రాయమ్మా. ఎక్కడిదాకా వచ్చాం?"

"నలభై ఇళ్ళు. నమూనా ఇంటి గురించి రాయొద్దా?"

"రాయాలి. 'సందర్శకుల కొరకు ఒక నమూనా ఇల్లు కూడా నిర్మించడమైనది.'"

"దాన్ని ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకివ్వలేదు సార్? నలభై ఏళ్ళు రోజూ ఊడ్చి తాళం వెయ్యడమేంటి?"

"స్టాకు పుస్తకంలో అది ఇల్లు కాదమ్మా. 'ప్రదర్శన వస్తువులు' అన్న పేజీలో ఉంది. నల్లబల్ల ఒకటి, బెంచీలు రెండు, నమూనా ఇల్లు ఒకటి. వస్తువుని అలాట్ చెయ్యడానికి రూలు లేదు. ఇప్పుడు కొత్త శాఖ వాళ్ళు 'మీ వస్తువులు మాకొద్దు, వదిలించుకోండి' అన్నారు. అప్పుడు ఇల్లయింది."

"నేను చూశాను దాన్ని. చిన్నప్పుడు నాన్న భుజాల మీద ఎక్కి, కిటికీలోంచి. లోపలికి వెళ్దామంటే 'మనది కాదులే' అన్నాడు. నిన్న నోటీసు చూశాక రాత్రంతా అదే సార్. మంచం ఎక్కడ వెయ్యాలి, మెషిను ఎక్కడ పెట్టాలి. కిటికీ పక్కన మంచం వేస్తే అమ్మకి పడుకున్నచోటి నుంచే రోడ్డు కనపడుతుంది."

"తూర్పు కిటికీ. పొద్దున్న ఎండ తిన్నగా వంటగది దాకా వస్తుంది. ముసలి కీళ్ళకి మంచిది."

"మీకెలా తెలుసు?"

"తనిఖీకి వెళ్తుంటాం కదా. రాయి. 'సంస్థలో పనిచేయువారు, కూలీలతో సహా, ఇంటికి అనర్హులు అను నిబంధన విధించడమైనది.'"

"దీన్ని నా చేత రాయిస్తున్నారా?"

"చరిత్ర అమ్మా."

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. మా నాన్న నలభై ఒకటి కట్టి చూశాడు. ఇల్లు కావాలంటే పని మానాలి, పని మానితే తిండి లేదు. చివరికి మానేసే దరఖాస్తు పెట్టాడు. బయట పనికి పోయి పరంజా మీంచి పడ్డాడు. ఆ ఏడే నేను వచ్చాను ఇక్కడికి. ఏడో తరగతి. స్కూలు డ్రస్సులో."

"గుర్తుంది."

"'నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు, కాలికి కట్టేశారు, సంతకం నేను పెడతాను' అన్నాను. మీరు మనిషి స్వయంగా రావాలన్నారు."

"గుర్తుందన్నాను కదా."

"అప్పటికి ముప్పై ఒకటో నెంబరు. నాలుగు వందల పన్నెండుకి వెళ్ళిపోయింది."

"నేనే రాశాను. ఎర్ర సిరాతో. నువ్వు జడ నోట్లో పెట్టుకుని చూస్తూ నుంచున్నావు."

"మిమ్మల్ని అనట్లేదు సార్. అప్పటి రూలు అది. ఏడాది తప్పితే అడుక్కి. నాన్న కూడా మిమ్మల్ని ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. 'ఆయన చేతిలో ఏముంది, ఆయన మంచోడే' అనేవాడు."

"అలా అన్నాడా?"

"పోయేముందు కూడా. 'సంతకం మానకు. ఆ గుమాస్తా ఆ కుర్చీలో ఉన్నంతకాలం మన పేరు ఎక్కడికీ పోదు' అన్నాడు. ఆ మాట పట్టుకునే పదిహేడేళ్ళు వచ్చాను. ఏంటి సార్, నీళ్ళు కావాలా?"

"వద్దు. ఆ నిబంధన తర్వాత తీసేశారు. అది కూడా రాయి. పన్నెండేళ్ళ క్రితం, దరఖాస్తులు ఆపేసే ముందు. ఉద్యోగులు కూడా పెట్టుకోవచ్చని."

"నాన్న పోయిన అయిదేళ్ళకా! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. రాశాను. త్వరగా చెప్పండి. ఆయన జాడే లేదు."

"'ప్రజల సౌకర్యార్థం సంస్థ పేరును మూడు పర్యాయములు మార్చడమైనది.'"

"పేరు గొప్ప ఊరు దిబ్బ. ఆ మూడు బోర్డుల ఇనుము పెడితే నాకో గది లేచేది. ఊఁ, చెప్పండి."

"'నిధుల కొరత వలన...' ఇక్కడ జాగ్రత్తగా రాయి. 'నిధుల కొరత వలన పదకొండు సంవత్సరముల క్రితం ఆఖరి ఇల్లు పూర్తి చేసి, నిర్మాణ కార్యక్రమములను తాత్కాలికముగా నిలిపివేయడమైనది.' రాశావా? ఏమ్మా, ఆపావేం?"

"పదకొండేళ్ళా?"

"తాత్కాలికముగా అని రాయి."

"ఆగండి. పదకొండేళ్ళ నుంచీ ఒక్క ఇల్లు కూడా కట్టలేదా?"

"లేదు."

"పాతవి ఖాళీ అయితే ఇచ్చారా?"

"ఎవరు ఖాళీ చేస్తారమ్మా?"

"పదకొండేళ్ళ క్రితం నాది నూట ముప్పై ఎనిమిది."

"అవును."

"ఇప్పుడు ఒకటి."

"అవును."

"ఏటా తగ్గుతూనే వచ్చింది. ఒక ఏడు పన్నెండు, ఒక ఏడు ఇరవై. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పేదాన్ని సార్, ఈ ఏడు ఇరవై మందికి ఇళ్ళొచ్చాయే అని. 'వాళ్ళు చల్లగా ఉండాలి, మన వంతూ వస్తుంది' అనేది. ఇళ్ళే లేకపోతే ఆ నూట ముప్పై ఏడు మందీ ఏమయ్యారు?"

"సంతకానికి రాలేదమ్మా."

"రాలేదంటే?"

"కొందరు పోయారు. కొందరు ఊరు వదిలి వెళ్ళిపోయారు. కొందరు విసిగిపోయారు. దరఖాస్తులు ఆపేశాక రూలు మార్చారు కదా, ఏడాది తప్పితే పేరు కొట్టెయ్యడమే. పైవాళ్ళ పేరు కొట్టేస్తే కిందివాళ్ళు పైకొస్తారు."

"అంటే నా వంతు రాలేదు. నేను మిగిలానంతే."

"అలా అనుకోకు."

"ఇంకెలా అనుకోమంటారు? ఒకటో నెంబరు ఒకటో నెంబరు అని వీధంతా చెప్పుకున్నాను. అందరూ లేచిపోయాక ఖాళీ పంక్తిలో కూర్చున్నదాన్ని నేను. ఎందుకు చెప్పలేదు మాకు? ఏటా ఈ టేబులు ముందే కూర్చున్నాం కదా, ఒక్కళ్ళకైనా చెప్పారా?"

"చెప్తే రావడం మానేస్తారు. మానేస్తే పేరు పోతుంది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే వస్తారు. వచ్చేవాళ్ళుంటే ఈ సీటు ఉంటుంది. ఇద్దరికీ అదే ఆధారం అనుకున్నాను. తప్పే."

"నాకు మీ తప్పొప్పులు వద్దు. ఉన్న ఆ ఒక్క ఇల్లూ కావాలి. టైమెంత? గడియారం కూడా ఎత్తుకుపోయారు. మీ ఆఫీసరుకి ఫోన్ చెయ్యండి."

"ఎత్తట్లేదమ్మా."

"మీరు చెయ్యందే ఎత్తట్లేదని ఎలా తెలుసు?"

"సార్, ఆ బీరువా కూడా తీసుకెళ్ళమన్నారు. అక్కా, కాస్త కుర్చీ జరుపుతావా?"

"బీరువా ముట్టుకోకు తమ్ముడూ. అందులో నా రిజిస్టరు ఉంది. ఆఫీసరు గారు తాళంతో వస్తున్నారు."

"ఆఫీసరా? ఆయన పొద్దున్న పదింటికే అందరి దగ్గరా సెలవు తీసుకుని వెళ్ళిపోయారు కదక్కా. దీనికసలు తాళమెక్కడిది? ఇదిగో, లాగితే వచ్చేస్తుంది. చూడు, ఖాళీ. రిజిస్టరు సారు టేబులు సొరుగులో పెట్టుకున్నారుగా. పొద్దున నేనే తెచ్చిచ్చాను."

"టైమెంత తమ్ముడూ?"

"నాలుగూ నలభై ఆరు."

"నువ్వు కిందికెళ్ళు. బీరువా తర్వాత. చెప్తున్నాను కదా, వెళ్ళు."

"ఆఫీసరు గారు రారన్నమాట."

"రారు."

"సొరుగులో ఉంది."

"ఉంది."

"పన్నెండింటి నుంచీ మీ మోకాళ్ళ దగ్గర పెట్టుకుని నాకు చరిత్ర చెప్తున్నారు."

"అరవకమ్మా."

"అరవను. అరిచే ఓపిక లేదు. ఏం కావాలో చెప్పండి సార్. మొహమాటం వద్దు. మెషినుంది, ఇంకేం లేదు నా దగ్గర. కొత్త మోటరు వేయించాను, మంచి ధర వస్తుంది. తీసుకోండి. చేత్తో కుట్టుకుని బతుకుతాను."

"ఛ ఛ, ఏం మాటలవి? నీ దగ్గర నేను తీసుకోవడమేంటి?"

"మరెందుకు సార్? ఎందుకు చేశారిలా? మా నాన్న మీద కోపమా, నా మీదా? మీ కాళ్ళు పట్టుకుంటాను. మా అమ్మకి మాట పడిపోయింది సార్. మంచం రోడ్డు మీద పెడితే ఎందుకని అడగలేదు, కళ్ళతో చూసింది. ఆరింటికి ఆ కొట్టు కట్టేస్తారు. మీ ఇంట్లో ముసలివాళ్ళు..."

"లే. లేమ్మా. నా కాళ్ళు ముట్టుకోకు. నీకు దణ్ణం పెడతాను, లే."

"లేవను. రిజిస్టరు తీసేదాకా లేవను."

"నాకు బుద్ధి లేకపోతే నీ చేత రాయించుకోవడమేంటి? నోరు మూసుకుని కూర్చుంటే అయిదు దాటిపోయేది."

"సార్..."

"ఇదిగో. లేచి కూర్చో. కలం తీసుకో. ఇక్కడ, నీ పేరుకి ఎదురుగా. తేదీ వెయ్యి. పక్కన టైము కూడా వెయ్యి, రేపు ఎవరూ మాట అనకుండా. నాలుగూ యాభై మూడు. మెల్లిగా పెట్టు, నాలుగు నిమిషాలు ఆగి పెట్టినా చెల్లుతుంది."

"పెట్టాను."

"ముద్ర వేశాను. అయిపోయింది. తాళం చెవి ఇదిగో. ముందు తలుపు కొంచెం పట్టేస్తుంది. కింద కాలితో తన్నాలి."

"నాదేనా సార్? నిజంగా నాదేనా?"

"నీదే. అమ్మని తీసుకెళ్ళు. ఎదురు చూస్తుంటుంది. ఆ ట్రాలీ వాడు కింద ఉంటాడు, నేను చెప్పానని చెప్పు, మంచం ఎక్కిస్తాడు."

"ఇందాకటి నుంచీ మిమ్మల్ని నానా మాటలూ అన్నాను."

"ఏమీ అనలేదు. వెళ్ళు."

"వెళ్తాను. ఈ పేజీలో రెండే పేర్లున్నాయేంటి సార్? నా కింద ఇంకొకటి. ఈ పేరెప్పుడూ వినలేదే. పొద్దున్న తొమ్మిదింటికే వచ్చి సంతకం పెట్టేసి వెళ్ళాడు. అంటే నేను రాకపోతే ఈయనదే కదా ఇల్లు. ఎంత ఆశ పెట్టుకున్నాడో. పాపం, ఈయనకి ఎవరు చెప్తారు సార్?"

"ఎవరూ చెప్పక్కర్లేదమ్మా. అతను వెళ్ళలేదు. పన్నెండింటి నుంచీ నీ ఎదురుగానే కూర్చున్నాడు."